పాత హాస్య నాటకం మళ్లీ ఆడబోతున్నారా? కులాల మీద, జాతుల మీద ఉన్న జోకుల్ని ఏం చేయాలంటే

పాత సంగీత నాటకమో, యక్షగానమో, భాగోతమో దుమ్ము దులిపి మళ్లీ ఆడదామనే ఉత్సాహం మన విజయనగరం, శ్రీకాకుళం కుర్రాళ్లలో బాగా కనబడుతోంది, అది చూస్తే నాకు చాలా సంతోషంగా ఉంటుంది. కాలేజీ వార్షికోత్సవానికో, సంక్రాంతికో, పైడితల్లమ్మ పండగ రోజుల్లోనో ఒక టీమ్ తయారవుతుంది, ఎవరింట్లోనో అట్ట ఊడిన పుస్తకం దొరుకుతుంది, హార్మోనియం వాయించే పెద్దాయన సరేనంటారు, రిహార్సల్స్ మొదలైపోతాయి. నాలుగో పేజీకి వచ్చేసరికి ఒక పాత్ర వస్తుంది. అతను కోమటి కాబట్టి పిసినారి, లేదా ఎరుకలవాడు కాబట్టి దొంగ, లేదా సాయిబు కాబట్టి తెలుగు సరిగ్గా రాదు, లేదా మన్యంవాడు కాబట్టి అర్థంలేని కేకలు వేస్తాడు. అది జనం నవ్వాల్సిన చోటని టీమ్‌లో అందరికీ తెలుసు, ఇప్పుడు ఆడితే గొడవవుతుందనీ తెలుసు.

ఇక్కడ టీమ్ రెండుగా చీలిపోతుంది. సగంమంది "మనకెందుకొచ్చిన టెన్షన్, ఆ సీన్ తీసి పారేద్దాం" అంటారు. మిగతా సగం "పెద్దలు రాసింది ముట్టుకోకూడదు, ఉన్నదున్నట్టు ఆడాలి" అంటారు. రెండు పక్షాలూ అసలు పని మొదలెట్టకుండానే తీర్పు చెప్పేస్తున్నాయి. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే: మాటలు కొట్టెయ్యడంతో మొదలుపెట్టకండి, ఆ నవ్వు ఎవరి మీద పడుతోందో, ఏం చేసినందుకు పడుతోందో ముందు తేల్చుకోండి. అది తేలితే ఏది తీయాలో, ఏది ఉంచాలో, ఏది తిరగరాయాలో దానంతటదే తెలుస్తుంది.

ముందు స్క్రిప్ట్ పట్టుకుని కూర్చోండి

టీమ్ మొత్తం ఒక గదిలో కూర్చుని నాటకం మొత్తం పైకి చదవండి. ఎవరూ గొంతు మార్చకూడదు, యాస పెట్టకూడదు, హాస్యం పండించకూడదు, పేపర్ చదివినట్టు చదవాలి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే పాత హాస్యంలో సగం నటుడి గొంతులోంచి వస్తుంది, ఆ గొంతు తీసేస్తే కాగితం మీద ఏం మిగిలిందో బయటపడుతుంది. చదువుతున్నప్పుడు ప్రతి నవ్వు దగ్గరా పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. తర్వాత ఒక్కో గీత దగ్గర ఆగి, ఈ మనిషి ఏం చేసినందుకు నవ్వాలి అని అడగండి. అబద్ధమాడి దొరికిపోయినందుకా, గొప్పలు పోయి బోర్లా పడినందుకా, పరాయి సొమ్ముకి ఆశపడినందుకా? అయితే అది ఏ కులంవాడి కడుపునైనా పుట్టే బుద్ధి, ఆ నవ్వు నిలబడుతుంది. అలా కాకుండా అతని రంగు, అతని మాట తీరు, అతని కులవృత్తి, అతని తిండి తప్ప నవ్వడానికి అక్కడ ఇంకేమీ లేదంటే, అది వట్టి పుట్టుక మీద వేసిన జోకు.

అనుమానంగా ఉన్నచోట కులం మార్చి చదివి చూడండి. చింతామణి నాటకంలోని కోమటి పాత్ర సుబ్బిశెట్టి పేరు తీసి అక్కడ ఒక రిటైర్డ్ తాసీల్దారు పేరు పెట్టండి. డైలాగ్ ఇంకా పేలుతుంటే అసలు హాస్యం కులంలో లేదు, కాబట్టి కులం లేకుండానే ఆడుకోవచ్చు. పేలకుండా చప్పగా పడిపోతే మీకు జవాబు దొరికినట్టే.

ఈ పరీక్షకి మన ఊరి నాటకమే మంచి కొలబద్ద. కన్యాశుల్కం 1892లో ఈ విజయనగరంలోనే మొదటిసారి ఆడారు, ఇప్పుడు మనం చదివే పెద్ద నాటకం 1909 నాటి రెండో కూర్పు. అందులో ఎన్ని కులాలవాళ్లు, ఎన్ని రకాల మాటలు! పేకాట సీన్లో పోలిశెట్టి మీద నవ్వొస్తుంది, నిజమే. కానీ అతని పక్కన భుక్త ఉన్నాడు, సిద్ధాంతి ఉన్నాడు, ఆ గదిలో అందరూ ఒకే తానులో గుడ్డలు, అందర్నీ ఆడిస్తున్నది మధురవాణి. నాటకంలో గట్టి దెబ్బలన్నీ తగిలేది అగ్రహారం పెద్దలకి, కూతుళ్లని అమ్ముకునేవాళ్లకి, కోర్టు పక్షుల్లాంటి రామప్పపంతులుకి, ఇంగ్లీషు ముక్కలతో బతికే గిరీశానికి. అసిరిగాడు మన పల్లె మాట మాట్లాడతాడు, ఆ మాట తీరు చూసి నవ్వమని గురజాడ మనకి సైగ చేయలేదు. ఇంకోటి, ఆ నాటకం పూర్తిగా ఆడాలంటే రాత్రంతా పడుతుంది కాబట్టి ఎవరు ఆడినా కత్తిరించే ఆడుతున్నారు. అందుచేత పాత నాటకాన్ని ముట్టుకోకూడదన్న మాట మన దగ్గర ఎన్నడూ నడిచింది లేదు. హరిశ్చంద్ర కాటిసీను చూడండి, బలిజేపల్లి వారి నాటకంలో జాషువా గారి శ్మశానవాటి పద్యాలు నటులే తెచ్చి కలుపుకున్నారు, జనం వాటికే వన్స్‌మోర్ కొట్టారు. కలపడం సంప్రదాయమైనప్పుడు తీయడం తప్పెలా అవుతుంది?

కాగితం మీద లేనిది స్టేజీ మీద ఉంటుంది

చింతామణి సంగతి అందరికీ తెలుసు. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యాలోలత్వం మీద రాసిన నాటకం అది, ఆ వ్యసనం మనిషినీ ఇంటినీ ఎలా తినేస్తుందో చెప్పడం ఆయన ఉద్దేశం. దశాబ్దాల తరబడి పల్లెల్లో ఆడుతూ ఆడుతూ సుబ్బిశెట్టి పాత్రని ఊదారు, పెంచారు, బూతులు కలిపారు, ఆ పాత్ర నడిచే తీరు, పంచె సర్దుకునే తీరు కూడా ఒక కులం మొత్తాన్ని వెక్కిరించడంగా తయారైంది. ఆర్యవైశ్య సంఘాలు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పాయి, చివరికి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకం మొత్తం మీద నిషేధం పెట్టింది. నిషేధం నాకు ఇష్టం లేదు, ఆ నాటకం మీద బతికిన కళాకారులు చాలామంది ఉన్నారు. కానీ అడిగినవాళ్ల బాధ అబద్ధమనీ అనలేను. నటులు, కాంట్రాక్టర్లు ముందే కూర్చుని ఆ అతుకులన్నీ విప్పేసి ఉంటే కథ అంతదాకా వెళ్లేది కాదేమో అని నా నమ్మకం.

మీరు నేర్చుకోవాల్సింది ఏమిటంటే, స్క్రిప్ట్ శుభ్రం చేసినంత మాత్రాన పని అయిపోదు. మేకప్ మేన్‌తో ముందే మాట్లాడండి. హరిశ్చంద్రలో కాటి వీరబాహుడికీ, నౌకరుకీ, అడవి మనిషికీ మొహానికి నల్లరంగు, పెద్ద మీసం, గంతలాంటి కండువా, ఇది అలవాటుగా జరిగిపోతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు, డ్రస్సులు అద్దెకిచ్చేవాళ్లు మూట విప్పి ఇచ్చేస్తారు. వద్దని మీరే గట్టిగా చెప్పాలి. మీ నటుడి ఒంటి రంగు ఏదైతే అదే ఆ పాత్ర రంగు. హార్మోనిస్టుతో కూడా మాట్లాడండి, ఎందుకంటే ఫలానా పాత్ర లోపలికి రాగానే ఒక వెకిలి బాణీ వాయించడం, తబలా మీద రెండు దెబ్బలు వేయడం పాత అలవాటు, ఆ బాణీ వింటే చాలు జనం నవ్వడం మొదలెడతారు, ఇంకా మనిషి నోరు కూడా విప్పడు.

యాస గురించి మనకి వేరేవాళ్లు చెప్పాల్సిన పనిలేదు. "ఏటి బావూ, అప్పుడే ఒచ్చీసినావేటి" అని మన అమ్మలు మాట్లాడే మాట రాష్ట్రమంతా స్టేజీ మీదా, సినిమాలోనూ పనిమనిషి నోట్లో, మొద్దబ్బాయి నోట్లో పెట్టి నవ్వించారు. హైదరాబాద్‌లోనో, విజయవాడలోనో చదువుకోవడానికి వెళ్లిన శ్రీకాకుళం పిల్లలు నోరు తెరవడానికి సిగ్గుపడి యాస మార్చుకున్నవాళ్లు మన ఇళ్లలోనే ఉన్నారు. ఆ నొప్పి తెలిసినవాళ్లం మనం, అలాంటి మనమే ఇచ్ఛాపురం పక్క ఒడియా వంటవాడినీ, తెలుగు నత్తిగా మాట్లాడే సాయిబునీ, మన్యం మనిషినీ అదే పద్ధతిలో ఆడించి నవ్వుకుంటే ఎలా? ఇచ్ఛాపురంలో ఆడితే ముందు వరుసలో ఇంట్లో ఒడియా మాట్లాడుకునేవాళ్లే కూర్చుంటారు మరి. అందుకని యాస పెట్టేటప్పుడు ఒక నియమం పెట్టుకోండి: ఆ యాసలో మాట్లాడే పాత్రలు నాటకంలో ఒకటికంటే ఎక్కువ ఉండాలి, వాళ్లలో ఒక్కరైనా తెలివైనవాళ్లు అయి ఉండాలి. ఒక్క మూర్ఖుడికే యాస, మిగతా అందరికీ పుస్తకాల భాష అంటే ఆ పాత్రకి మీరు యాస ఇచ్చింది వెక్కిరించడానికే.

అమెరికావాళ్లు ఈ పని ఎలా చేశారు

వాళ్లకీ ఇదే తలనొప్పి, ఇంకా పెద్దది. న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో ఆడిన పాత మ్యూజికల్ కామెడీల్లో చైనావాళ్లు, జపాన్‌వాళ్లు, నల్లజాతివాళ్లు, అమెరికా ఆదివాసులు అందరూ నవ్వులాటకి వాడుకున్న బొమ్మలే. వాటి పాటలు ఇప్పటికీ అందరికీ ఇష్టం, డబ్బులొస్తాయి, కాబట్టి మళ్లీ మళ్లీ ఆడతారు. ఆడిన ప్రతిసారీ ఒక కొత్త ఉపాయం చేసి చూశారు, అవన్నీ మనకి పనికొస్తాయి.

తీసెయ్యడం అనే పద్ధతికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ "యానీ గెట్ యువర్ గన్". 1946 నాటిది, ఇర్వింగ్ బెర్లిన్ పాటలు. అందులో హీరోయిన్‌ని ఆదివాసులు తమలో కలుపుకునే చోట ఆదివాసి పేర్లనీ, అలవాట్లనీ ఆటపట్టించే పాట ఒకటి ఉంది. 1999లో మళ్లీ ఆడినప్పుడు పీటర్ స్టోన్ స్క్రిప్ట్ సరిచేసి ఆ పాట పూర్తిగా తీసేశారు. అక్కడితో ఆగలేదు, అది నాకు ముఖ్యం. ప్రేమజంటలో కుర్రాడిని సగం ఆదివాసి రక్తం ఉన్నవాడిగా ఉంచి, ఆ పెళ్లి వద్దనే అమ్మాయి అక్క పాత్ర బుద్ధిని నలుగురూ నవ్వేలా చేశారు. నవ్వు పోలేదు, ఒకరి నెత్తిమీంచి ఇంకొకరి నెత్తిమీదకి మారింది. ఆ ఏడాది ఉత్తమ పునఃప్రదర్శనగా బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు కూడా దానికే వచ్చింది, పాట తీసేస్తే నాటకం చచ్చిపోతుందని భయపడేవాళ్లకి ఇది చెప్పండి.

"ఎనీథింగ్ గోస్" 1934 నాటిది. ఓడ మీద జరిగే కథ, అందులో మతం మార్చుకున్న ఇద్దరు చైనావాళ్లు, చివర్లో తెల్లవాళ్లు వాళ్ల బట్టలు వేసుకుని వెకిలి యాసలో మాట్లాడి పెళ్లి ఆపే వేషం. 1987లో పుస్తకం తిరగరాసినా ఈ ఇద్దరూ మిగిలే ఉన్నారు. నాటక సమాజాలకి అద్దెకిచ్చే సవరించిన ప్రతి 2022లో వచ్చింది. మారువేషం అనేది కథకి కావలసిన మేకు, దానికి చైనా వేషమే అక్కర్లేదు, ఏ వేషమైనా పనిచేస్తుంది. మన నాటకాల్లో మారువేషాలు ఎన్నున్నాయో ఆలోచించండి, గాజులవాడు, సోదెమ్మ, కోయదొర. చాలాసార్లు కథకి కావలసింది మొహం దాచుకోవడం ఒక్కటే.

"ఫ్లవర్ డ్రమ్ సాంగ్"ది ఇంకో దారి. 1958లో రోజర్స్, హామర్‌స్టైన్ తీసుకొచ్చిన ఈ నాటకం శాన్‌ఫ్రాన్సిస్కో చైనా కుటుంబాల కథ, ఆ రోజుల్లో అంతమంది ఆసియా నటులకి వేషాలు దొరకడమే గొప్ప, అయినా పాత్రలు బొమ్మల్లా ఉన్నాయనే మాట పడింది. చైనా మూలాలున్న అమెరికన్ నాటకకర్త డేవిడ్ హెన్రీ హ్వాంగ్ పాటలు ఉంచి కథ మొత్తం కొత్తగా రాశారు, 2002లో బ్రాడ్‌వేకి వచ్చింది. ఎక్కువ రోజులు ఆడలేదు. తిరగరాస్తే జనం నెత్తిన పెట్టుకుంటారని ఎవరూ మాట ఇవ్వలేరు, కానీ మునుపటి కంటే పాత్రలకి ప్రాణం వచ్చింది, తర్వాతివాళ్లకి ఒక దారి దొరికింది.

"మికాడో" కథ మన చింతామణికి దగ్గరగా ఉంటుంది. 1885లో గిల్బర్ట్, సలివాన్ రాసిన ఈ హాస్య నాటకంలో దెబ్బలన్నీ ఇంగ్లండ్ అధికారుల మీదే, వాళ్లకి జపాన్ బట్టలు కట్టారంతే. దెబ్బ ఇంగ్లండ్‌కైతే ఇంక జపాన్‌వాళ్లకి బాధెందుకని వందేళ్లు వాదించారు. తెల్ల నటులు కళ్లు సన్నంగా గీసుకుని విసనకర్రలు ఊపుతూ ఆడుతుంటే చూసేవాడికి కనబడేది ఇంగ్లండా, జపానా? 2015లో న్యూయార్క్‌లో గిల్బర్ట్ అండ్ సలివాన్ ప్లేయర్స్ అనే సంస్థ ప్రకటన వేయగానే ఆసియా అమెరికన్ కళాకారులు నిరసన తెలిపారు, సంస్థ ఆ ప్రదర్శన మానేసి వేరే నాటకం ఆడింది. మరుసటి ఏడాది కొత్తగా తయారు చేసి తెచ్చారు, ముందు ఒక చిన్న అంకం పెట్టి, ఇదంతా లండన్‌లో కూర్చున్న రచయితకి వచ్చిన కల అన్నట్టు చూపించారు. ఈ చట్రం పెట్టే ఉపాయం తెలివైనదే కానీ బలహీనమైనది, ఎందుకో చివర్లో చెబుతాను.

ఇంక "పీటర్ పాన్". 1954 మ్యూజికల్‌లో ఆదివాసి తెగ పాడే పాట ఒకటుంది, దాని పల్లవి నిండా అర్థంలేని కూతలు. 2014లో టీవీలో నేరుగా ఆడినప్పుడు చికాసా అనే ఆదివాసి జాతి స్వరకర్త జెరోడ్ టేట్ సలహా తీసుకున్నారు, ట్యూన్ ఉంచి సాహిత్యం మార్చారు, కూత బదులు వయండాట్ అనే ఆదివాసి భాషలోంచి నిజమైన మాట తెచ్చి పెట్టారు. ఆ తర్వాత లకోటా జాతికి చెందిన నాటక రచయిత్రి లారిస్సా ఫాస్ట్‌హార్స్ స్క్రిప్టే సవరించారు, 2024లో ఆ ప్రతితో ఊరూరా తిరిగి ఆడారు. సలహా అడగడం ఒక మెట్టు, కలం చేతికివ్వడం దాని పై మెట్టు.

సవర పాట, ఎరుకల సింగి

పీటర్ పాన్ పాట గురించి తెలిసినప్పట్నుంచీ నాకు మన స్టేజీల మీద కొండవాళ్ల సీన్లే కళ్ల ముందు తిరుగుతున్నాయి. ఆకులు కట్టుకుని, మొహానికి బొగ్గు పూసుకుని, ఈటె పట్టుకుని "జింగ జింగ హోయ్" అంటూ గెంతే గుంపు ఏ కాలేజీ ఫంక్షన్లో లేదు చెప్పండి? సీతంపేట ఎంత దూరం మనకి? అక్కడ సవరలు ఉన్నారు, వాళ్ల భాష తెలుగుతో చుట్టరికం లేని ముండా కుటుంబం భాష, దానికి పాటలున్నాయి, కథలున్నాయి, 1936లో మంగీ గొమాంగో తయారు చేసిన లిపి ఉంది. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులు ఉద్యోగం చేస్తూ సవరవాళ్లని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు, 1931లో వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు అచ్చయ్యాయి. వ్యావహారిక భాష కోసం పోరాడినాయనగా ఆయన పుట్టినరోజున దండలు వేస్తాం, పక్కరోజు అదే స్టేజీ మీద జింగ జింగ అంటాం. నాకు ఇది తట్టుకోలేని విషయం.

కాబట్టి మీ నాటకంలో అలాంటి గుంపు ఉంటే ముందు ఆ గుంపు కథకి ఏం చేస్తోందో చూడండి. ఏమీ చేయడం లేదు, రంగు కోసం ఉంది అంటే తీసెయ్యండి, రెండు నిమిషాలు కలిసొస్తాయి. కథలో పనుంటే నిజమైన సవర పాట కోసం సవరవాళ్ల దగ్గరికే వెళ్లండి. నిఘంటువులోంచి నాలుగు మాటలు ఏరుకుని ట్యూన్‌లో ఇరికించకండి, అదీ కూతే అవుతుంది. ఏ పాట బయట పాడవచ్చు, ఏది పూజలో మాత్రమే పాడతారు అనేది వాళ్లే చెప్పాలి. పాడేందుకు వాళ్లనే పిలవగలిగితే అంతకంటే ఏం కావాలి, మీ హార్మోనిస్టుకి ఇచ్చినంత డబ్బు వాళ్లకీ ఇవ్వండి. అలాగే అరకు వైపు థింసాని తెచ్చి సవర డ్యాన్స్ అని పేరు పెట్టకండి, "ఏదో ఒక గిరిజన నృత్యం" అనుకోవడంలోనే అసలు జబ్బంతా ఉంది.

ఇప్పుడు ఒక సీన్ దగ్గరగా చూద్దాం. యక్షగానాల్లో ఎరుకల సింగి వస్తుంది, నాయికకి ఎరుక చెబుతుంది, వెనకాల సింగడు వస్తాడు. మామూలుగా ఆడే తీరు ఇది: సింగి బుట్ట తిప్పుకుంటూ వయ్యారంగా వస్తుంది, చెలికత్తెతో రెండర్థాల మాటలు, సింగడు తాగి తూలుతూ వస్తాడు, పెరట్లో కోడి మాయమవుతుంది, కోడి ఈకలు సంచీలోంచి బయటపడతాయి, జనం ఈలలు. దీంట్లో ఏది ఎక్కణ్నుంచి వచ్చిందో విడదీయండి. ఎరుకలవాళ్లని బ్రిటిష్‌వాళ్లు పుట్టుకతోనే నేరస్థులన్నారు, మద్రాసు రాష్ట్రంలో 1911 తర్వాత నేరస్థ జాతుల చట్టం కింద వాళ్ల పేర్లు రాసి పోలీసు హాజరు వేయించుకున్నారు, ఆ చట్టం మద్రాసులో 1947లో గానీ, దేశమంతటా 1952లో గానీ పోలేదు. కాబట్టి కోడి దొంగతనం జోకు వెనకాల పోలీస్ స్టేషన్ రిజిస్టర్ ఉంది. అది తీసెయ్యండి, సందేహం అక్కర్లేదు. తాగి తూలడం తీసెయ్యండి. రెండర్థాల మాటలు తీసెయ్యండి.

అప్పుడు మిగిలేది చూడండి, అసలు సొమ్మంతా అక్కడే ఉంది! సింగి తను తిరిగిన ఊళ్లు, కొండలు, గుళ్లు వరసపెట్టి చెబుతుంది, రాజభవనం గడప దాటని నాయిక ముందు ఆ లోకజ్ఞానం మొత్తం పరుస్తుంది. నాయిక మనసులో దాచుకున్నది తల్లికి తెలియదు, చెలికత్తెలకి తెలియదు, సింగికి తెలుసు. శ్రీనివాసుడు పద్మావతి ఇంటికి రావడానికి ఏ వేషం వేసుకున్నాడో గుర్తు తెచ్చుకోండి, ఎరుకలసాని వేషమే. అంత పెద్ద పాత్రని కోడి ఈకల దగ్గర పడేశాం. హాస్యం కావాలంటే నవ్వుని తల్లి మీదకి, ముందు బుట్ట లోపలికి తేవద్దని గదమాయించి తర్వాత చాటుగా తన చెయ్యి కూడా చూడమని చాపే ఆ పెద్దింటావిడ మీదకి తిప్పండి. నాలుగు లైన్లు కొత్తగా రాస్తే చాలు. సింగడు ఉండాలంటే ఉండనివ్వండి, అలిగి వెళ్లిన పెళ్లాన్ని ఊరూరా వెతుక్కుంటూ వచ్చే మొగుడి తిప్పలు ఎక్కడైనా నవ్విస్తాయి.

ఎవర్ని అడగాలి

అడగండి, కానీ సరిగ్గా అడగండి. డ్రస్ రిహార్సల్ రోజున ఒకర్ని పిలిచి "ఇందులో తప్పేమీ లేదు కదండీ" అంటే ఆయన మొహమాటానికి లేదనే అంటారు. స్క్రిప్ట్ దశలోనే వెళ్లండి, ఇంకా మార్చే వీలున్నప్పుడు. ఒక్కర్ని అడిగి ఆ ఒక్కరి మాటని కులం మొత్తం ముద్రలా వాడుకోకండి, కనీసం ఒక పెద్దవారినీ ఒక చదువుకునే కుర్రాడినో అమ్మాయినో అడగండి, వాళ్లిద్దరి జవాబులూ వేరుగా ఉంటాయి చూడండి. మీ దగ్గర పనిచేసేవాళ్లని మాత్రం అడగొద్దు, మీ ముందు కాదనే ధైర్యం వాళ్లకి ఉండదు. చదివినందుకు టైమ్ తీసుకున్నారు కాబట్టి ఎంతో కొంత డబ్బు ఇవ్వండి, కరపత్రంలో పేరు వేయడం వాళ్లకి ఇష్టమో కాదో కనుక్కోండి.

కుల సంఘం నుంచి ఫోన్ వస్తే కంగారుపడి ప్రోగ్రామ్ కేన్సిల్ చేయడం గానీ, మీరెవరు మాకు చెప్పడానికి అని తగాదాకి దిగడం గానీ వద్దు. రిహార్సల్‌కి రమ్మని పిలవండి. కూర్చోబెట్టి, టీ ఇచ్చి, ఆ సీన్ ఆడి చూపించండి. చాలా గొడవలు నాటకం చూడకుండా విన్న మాటల మీద లేస్తాయి. చూశాక కూడా బాధ ఉందంటే ఏ లైన్ దగ్గర అని అడగండి, లైన్ చెప్పగలిగితే మీరు దాని మీద పని చేయగలరు.

హక్కులు, చట్టం

ఇక్కడ త్వరగా చెప్పేస్తాను. మన చట్టంలో రచయిత చనిపోయిన ఏడాది దాటాక 60 ఏళ్ల దాకా కాపీరైట్ ఉంటుంది. గురజాడ 1915లో పోయారు, కాళ్లకూరి 1927లో, బలిజేపల్లి 1953లో, కాబట్టి వాళ్ల నాటకాలు అందరివీ. జాషువా గారు 1971లో పోయారు, ఆయన పద్యాలకి 2031 చివరిదాకా హక్కుంది, కాటిసీనులో అలవాటుగా పాడేసేవాళ్లు ఇది గమనించుకోండి. ఇంగ్లీషు మ్యూజికల్ ఏదైనా తెలుగు చేసి ఆడదామనుకుంటే లైసెన్స్ తీసుకోవాలి, అనుమతి లేకుండా ఒక్క లైన్ కూడా మార్చకూడదని అందులో రాసి ఉంటుంది, మార్పులు ముందే రాసి అడిగితే ఇచ్చే సందర్భాలు ఉన్నాయి. ఇంక ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989 ప్రకారం నలుగురి ముందు కులం పేరుతో తిట్టడం, కావాలని అవమానించడం నేరం, పాత పుస్తకంలో ఉంది కదా అనే మాట మిమ్మల్ని కాపాడుతుందనుకోకండి. పాత నాటకాల్లో ఊరికే దొర్లే కులం తిట్లన్నీ మొదటి రోజే కొట్టేయండి, వాటిలో కాపాడుకోవాల్సిన కళ ఏమీ లేదు.

అయితే క్లాసులో చదవడం వేరు, స్టేజీ మీద ఆడటం వేరు. తెలుగు లెక్చరర్లకి నా మనవి, పాఠం చెప్పేటప్పుడు పాత ప్రతిని పూర్తిగా చదివించండి, ఒక్క అక్షరం దాచకండి, మన పెద్దలు ఎవర్ని చూసి నవ్వారో పిల్లలకి తెలియాలి. స్టేజీ మీదకి వచ్చేసరికి ఆ పాత్రని ఒక మనిషి ఒంటితో మోయాలి, హాల్లో కూర్చున్న పదేళ్ల పిల్ల తన ఇంటిపేరు వినబడి తలదించుకోవాలి, అక్కడ లెక్క మారుతుంది.

ఆడే రోజు

కరపత్రంలో రెండు మూడు లైన్లు రాయండి, నాటకం ఏ కాలంనాటిది, మీరు ఏ సీన్లు మార్చారు, ఎవరి సాయంతో మార్చారు. క్షమాపణలు, ఉపన్యాసాలు వద్దు. తెర లేచేముందు ఎవరో పెద్దాయన మైక్ పట్టుకుని పావుగంట వివరణ ఇస్తే జనం విసుగెత్తి అప్పుడే ఈలలు మొదలెడతారు.

నటుల్ని కూర్చోబెట్టి ఒక విషయం గట్టిగా చెప్పండి: స్టేజీ ఎక్కాక సొంత డైలాగులు కలపకూడదు. ఆనందగజపతి ఆడిటోరియంలో అయినా, బాపూజీ కళామందిర్‌లో అయినా, పల్లెలో కళ్లం మీద కట్టిన స్టేజీ అయినా, వెనక వరసలోంచి ఒక ఈల వినబడగానే హాస్యం వేషం వేసినవాడికి నాలుక దురద పెడుతుంది, రిహార్సల్‌లో తీసేసిన మాట నోటికి వచ్చేస్తుంది. చింతామణిలో బూతులు చేరింది ఇలాగే. ప్రాంప్టర్ దగ్గర సవరించిన స్క్రిప్ట్ మాత్రమే ఉండాలి, పాత పుస్తకం గ్రీన్‌రూమ్‌లోకి కూడా రానివ్వకండి. కలిపితే రెండో ప్రదర్శనలో వేషం మారుతుందని ముందే చెప్పేయండి, చెప్పినట్టు చేయండి.

ఇందాక చట్రం బలహీనమైనదన్నాను కదా, దాని సంగతి. నాటకం మొదట్లో ఒక సూత్రధారుణ్ని పెట్టి "ఇది పాతకాలం కథ, అప్పటి బుద్ధులు ఇలా ఉండేవి" అనిపించి లోపల సీన్లు ఉన్నదున్నట్టు ఆడేయడం చాలామందికి తేలిక దారిలా కనబడుతుంది. హాల్లో మొదట్నుంచీ కూర్చున్నవాళ్లకి అది అర్థమవుతుంది. కానీ ఇవాళ హాల్లో సగంమంది చేతిలో ఫోన్ ఉంటుంది, హాస్యం సీన్ రాగానే అందరి ఫోన్లూ పైకి లేస్తాయి, అరనిమిషం ముక్క ఆ రాత్రికే వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతుంది. అందులో సూత్రధారుడు ఉండడు, మీ కరపత్రం ఉండదు, ఒక మనిషి ఇంకో కులంవాడిలా నటిస్తుంటే జనం నవ్వుతున్న శబ్దం మాత్రం ఉంటుంది. అందుకని చివరి రిహార్సల్‌లో ప్రతి హాస్యం సీనునీ విడివిడిగా అరనిమిషం చొప్పున ఫోన్లో తీయండి, నాటకం గురించి ఏమీ తెలియని ఇద్దరికి చూపించండి, వీళ్లు ఎవర్ని చూసి నవ్వుతున్నారని అడగండి. వాళ్లు పాత్ర పేరో, అతను చేసిన వెధవ పనో చెబితే ఆ సీన్ ఆడండి. కులం పేరు చెబితే ఆ రాత్రే కూర్చుని మళ్లీ రాయండి.